మావాడు నాకు కట్టిన ఫ్లెక్సీలు

అరవయ్యో ఏట నేను ఒకడికి తల్లినని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. వాడికి అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. నెత్తి మీద జుట్టు సగం పోయింది, బొజ్జ వచ్చింది, తిరుపతిలో ఫ్లెక్సీలు ముద్రించే సొంత అంగడి ఉంది. అంత పెద్ద మనిషిని చూపించి "వీడు నా బిడ్డ, నా దగ్గరికి పంపండి" అని అమెరికా వీసా ఆఫీసు వాళ్ళను అడగడం ఎంత తమాషా వ్యవహారమో కాగితాలు నింపడం మొదలుపెట్టాక గానీ నాకు తెలియలేదు.

మేమిద్దరం ఒక ఇంటివాళ్ళం ఎలా అయ్యామో ముందు చెప్పాలి. నేను చిత్తూరులో ఒక బళ్ళో తెలుగు టీచర్ని. వీడు నా తొమ్మిదో తరగతిలో వెనక బెంచీలో కూర్చునేవాడు. త్రైమాసిక పరీక్షల్లో తెలుగులో వందకు పదకొండు తెచ్చుకున్నాడు. తండ్రిని పిలిపించాను. ఆయన బోరు మోటార్లకు వైండింగ్ కట్టే మనిషి. చేతులకు అంటిన గ్రీజు కనబడకుండా వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"లెక్కల్లో తప్పినాడంటే ఒక అర్థముండాది మేడమ్. ఇంగ్లీషులో అంటారా, మా ఇంట్లో అందరమూ తప్పినోళ్ళమే. తెలుగులో ఎట్ల తప్పుతాడు? వాడు పుట్టినప్పట్నుంచి మాట్లాడేది అదొక్కటే గదా!"

నేను జవాబు పత్రం తీసి చూపించాను. వర్షాకాలం గురించి రెండు పేజీల వ్యాసం. అందులో మేఘాలు 'మేగాలు', భూమి 'బూమి', ధాన్యం 'దాన్యం'. ఒత్తు అనేది ఒకటి ఉందని కూడా ఆ పిల్లవాడికి తెలిసినట్టు లేదు. తండ్రి ఆ కాగితం అందుకుని, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. చదివి తలెత్తి, "అన్నీ కరెక్టుగానే ఉండాయి గదా మేడమ్" అన్నాడు.

జబ్బు ఎక్కడిదో నాకప్పుడు అర్థమైంది.

తర్వాత ప్రతి నెలా ఆయన పిల్లవాడి చదువు కనుక్కోవడానికి వచ్చేవాడు. పిల్లవాడు అర్ధ సంవత్సరంలో గట్టెక్కాడు. ఆయన రావడం మానలేదు. చేతులు మాత్రం సబ్బుతో తోముకుని రావడం మొదలుపెట్టాడు. ఆయన మొదటి భార్య ఈ పిల్లవాడి ఐదో ఏట పోయిందని, ఇంట్లో తండ్రీ కొడుకులిద్దరే సంగటి కెలుక్కుని తింటారని నాకు ఆఫీసు అటెండరు చెప్పింది. నాకప్పుడు ముప్పై ఏడు. పెళ్ళి అనే మాట మా ఇంట్లో వాళ్ళు అనడం మానేసి చాలా కాలమైంది. మరుసటి ఏడు రిజిస్ట్రారు ఆఫీసులో మా పెళ్ళయింది. పిల్లవాడికి అప్పుడు పదహారు నిండాయి, పదో తరగతి. ఆ రోజు బడి ఎగ్గొట్టే అవకాశం దొరికినందుకు అందరికంటే వాడే ఎక్కువ సంతోషించాడు.

ఇంటికొచ్చాక ఆయన కొడుకును పిలిచి, "ఇంక నుంచి అమ్మా అని పిలువు రా" అన్నాడు.

వాడికి అప్పుడే ఒక అనుమానం వచ్చింది. "ఈడ అమ్మా అని అలవాటు పడి, రేపు క్లాసులో నోరు జారితే పిలకాయలు నవ్వరా నాయనా?"

న్యాయమైన మాటే. పదో తరగతి అయ్యేదాకా ఇంట్లోనూ మేడమే అనుకున్నాం. వాడు పదో తరగతి ప్యాసయ్యాడు, ఇంటర్ అయింది, డిగ్రీ సగంలో ఆగింది, మేడమ్ మాత్రం మారలేదు. చివరికి ఆయన కూడా "ఏం మేడమ్, ఈ పొద్దు ఊరిబిండి నూరినావా?" అని పిలవడం మొదలుపెట్టాడు.

ఆరేళ్ళు బాగా గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆయన భోంచేసి పడుకుని లేవలేదు. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

ఆ తర్వాత రెండేళ్ళకు, ఎప్పుడో నా పెళ్ళికి ముందే అమెరికాలోని మా అన్న నాకోసం వేసిన దరఖాస్తుకు మోక్షం వచ్చింది. ఇరవై ఒకటి దాటిన పిల్లలు తల్లితో పాటు రాకూడదన్నారు. నేను పోనన్నాను. మావాడే పట్టుబట్టాడు. "పొయ్యి సూసి రండి మేడమ్. బాగలేకుంటే వొచ్చేయండి. నేను యాడికి పోతా, ఈడనే గదా ఉండేది." వెళ్ళాను. చిన్న పిల్లల్ని చూసుకునే కేంద్రంలో పని దొరికింది. ఆదివారాలు అక్కడి మనవాళ్ళ పిల్లలకు గుణింతాలు నేర్పాను. ఆ దేశపు పౌరసత్వం రాగానే చేసిన మొదటి పని వీడికోసం దరఖాస్తు పెట్టడం.

పెట్టే ముందు ఫోన్ చేసి అడిగాను. "నువ్వు వస్తావా? వస్తానంటే ఒక చిక్కుంది. ఈలోగా పెళ్ళి చేసుకుంటే వరుస మారి ఇంకా ఆలస్యమవుతుంది."

"అట్లయితే ఇప్పుడే పెట్టేయండి మేడమ్! ఇంక ఎవురు సంబంధం తెచ్చినా వీసా ఉండాదని చెప్పి పంపించేస్తా."

ఎనిమిదేళ్ళు వాడు ఆ సాకుతోనే బతికాడు.

చివరికి పిలుపు వచ్చినప్పుడు అక్కడి వకీలు ఒక మాట చెప్పాడు. అబ్బాయికి పద్దెనిమిది నిండకముందే మా పెళ్ళయింది కాబట్టి చట్టం దృష్టిలో వాడు నా బిడ్డే. కానీ తండ్రి లేడు కాబట్టి, ఆయన పోయాక కూడా మా ఇద్దరి మధ్య తల్లీబిడ్డల బంధం సాగుతూ ఉందని చూపించాలి. "ఫోటోలు, ఉత్తరాలు, పండగ శుభాకాంక్షలు, ఏవైనా సరే పంపండి" అన్నాడు.

ఏముందని చూసుకుంటే ఏమీ లేదు. పెళ్ళి రోజు తీసిన ఫోటో ఒకటుంది. అందులో మావాడు స్తంభం చాటున నిలబడ్డాడు. కుడి మోచెయ్యి మాత్రం కనిపిస్తుంది. ఆ మోచెయ్యి వాడిదేనని ఎక్కడైనా చెబుతానన్నాను గానీ వకీలు ఒప్పుకోలేదు. ఉత్తరాలు మేం రాసుకోలేదు. ఆదివారం ఫోన్లలో "తిన్నావా?", "తిన్నా మేడమ్", "సరే" తప్ప వేరే ఏదీ ఉండదు.

ఇక మిగిలింది వాట్సాప్. మావాడు రోజూ పొద్దున్నే ఒక గులాబీ పువ్వు బొమ్మ పంపుతాడు. దాని మీద 'శుబోదయం' అని ఉంటుంది. అది చూడగానే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకే ఒక్క అక్షరం తిరిగి పంపుతాను: 'భ'. మరుసటి రోజు మళ్ళీ గులాబీ, మళ్ళీ 'శుబోదయం', మళ్ళీ నా 'భ'. ఏళ్ళ తరబడి ఇంతే. అచ్చు తీస్తే రెండు రీముల కాగితాలయ్యాయి. వకీలు ఆ కట్ట చూసి, ఇది ఏదైనా రహస్య సంకేతమా అని అడిగాడు.

ఇట్లా లాభం లేదని నేనే బయలుదేరి తిరుపతి వచ్చాను. మావాడు రేణిగుంట విమానాశ్రయానికి వచ్చి, నా పెట్టెలు ఆటోలో ముందు పంపేసి, నన్ను స్కూటరు మీద ఎక్కించుకున్నాడు. వాడి వీధి మలుపు తిరగగానే ఇడ్లీ బండి దగ్గరున్న పెద్దావిడ గరిటె పక్కన పెట్టి చేతులు జోడించింది.

"వొచ్చేసినారా మేడమ్! ఫోటోలో కంటే శానా సన్నంగా ఉండారే!"

నేను ఆమెను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. నాలుగడుగులు పోగానే పంచరు అంగడి ఆయన లేచి నిలబడ్డాడు. కూరగాయల బండి మనిషి వంకాయలు తూచడం ఆపి నమస్కారం పెట్టాడు. తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన స్కూటరుకు అడ్డం వచ్చి, "ఈసారి కార్పొరేటరుకు నిలబడతారా మేడమ్? నిలబడితే సెప్పండి, మా సందు ఓట్లన్నీ మీకే" అన్నాడు.

అంగడి ముందు దిగి అడిగాను. "ఏమిటిది అబ్బాయ్? వీళ్ళందరికీ నేనెలా తెలుసు?"

వాడు బట్టతల గోక్కున్నాడు. "అదీ... ప్రతి ఏడూ మీ పుట్టినరోజుకి వొక ఫ్లెక్సీ కడతా మేడమ్."

"నాకా? నేను ఊళ్ళో లేనే!"

"మీరు లేకుంటే ఏం మేడమ్? పుట్టినరోజు వొస్తాది గదా. ఊరందరి బర్త్‌డేలకూ నేనే ఫ్లెక్సీలు కొడతాను. 'ఏమబ్బా, మీ ఇంట్లో ఎవురూ పుట్టలేదా' అని అడిగినారు. అందుకని."

కంప్యూటరులో ఆ ఏటి ఫ్లెక్సీ తెరిచి చూపించాడు. బడిలో సిబ్బంది ఫోటోలోంచి నా మొహం కత్తిరించి మధ్యలో పెట్టాడు. వెనక సూర్యుడు ఉదయిస్తున్నాడు. అటొక సింహం, ఇటొక సింహం. నా తల మీద పావురాలు. నేను రెండు చేతులూ ఎత్తి జనానికి నమస్కారం పెడుతున్నాను. ఆ చేతులు నావి కావు, ఎవరో రాజకీయ నాయకుడివి. మణికట్టుకు మగవాళ్ళ గడియారం ఉంది. పైన పెద్ద అక్షరాల్లో 'మేడమ్ గారికి జన్మదిన శుబాకాంక్షలు'. కింద గుండ్రాల్లో శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ బొమ్మలు. మొదటి ఏడు మావాడి బొమ్మ ఒక్కటే వేసుకున్నాడట. మరుసటి ఏడు ఇడ్లీ ఆవిడ తననూ వెయ్యమంది. తర్వాత పంచరు ఆయన. ఇప్పుడు ఇరవై ఏడు గుండ్రాలున్నాయి. వాళ్ళలో సగం మంది నేనెవరో అడగలేదని చెప్పాడు.

"భ" అన్నాను నేను, ఆ అక్షరం మీద వేలు పెట్టి.

"అవును మేడమ్" అన్నాడు.

అయితే నాకు చప్పున ఒకటి తోచింది. మేమిద్దరం కలిసున్న బొమ్మలు లేవని ఏడుస్తున్నాను. ఇక్కడ ఏడాదికొకటి, పదడుగుల పొడవున ఉన్నాయి! వకీలుకు ఫోన్ చేశాను. ఆయన ఎగిరి గంతేశాడు. పాతవన్నీ కావాలన్నాడు. కానీ మావాడి పాత కంప్యూటరు పాడైపోయి అందులోవి అన్నీ పోయాయి. అసలు ఫ్లెక్సీలే వెతకాలి. అవి వారం రోజులు వీధిలో ఉండి, ఆ తర్వాత అడిగినవాళ్ళకు పోతాయి. ఎండకూ వానకూ ఆగే పట్ట కదా, ఎవరూ వదలరు.

అట్లా ఒక వారం పాటు స్కూటరు మీద నా మొహాన్ని నేనే వెతుక్కుంటూ తిరిగాను.

మొదటిది చిత్తూరు దారిలో ఒక పల్లెలో, ఎనుముల కొట్టానికి అడ్డంగా కట్టి ఉంది. దాన్ని రెండు రోజులు ఇమ్మని అడిగితే రైతు ఖచ్చితంగా తల అడ్డంగా ఊపాడు.

"దాన్ని తీస్తే ఈ ఎనుము పాలియ్యదు మేడమ్. రెండేండ్లుగా మీ మొగం సూసుకుంటానే పాలిస్తా ఉండాది. పోయిన నెల గాలికి వొక పక్క ఊడితే ఆ పొద్దు కాలెత్తి తన్నింది."

చేసేది లేక అక్కడే ఫోటో తీసుకున్నాం. నేనొక పక్క, మావాడొక పక్క, మధ్యలో ఎనుము, వెనక నేను. ఎనుము నావైపు తిరిగి ఒకసారి చూసింది, ఫ్లెక్సీ వైపు ఒకసారి చూసింది. అసలు మనిషికంటే బొమ్మే దానికి నచ్చినట్టుంది. తోక తెచ్చి నా చెంప మీద వేసింది.

రెండోది బెల్లం వండే చోట పొయ్యి పక్కన గాలికి అడ్డంగా దొరికింది. పొగకు సూర్యుడూ సింహాలూ అన్నీ నల్లబడి, నా పళ్ళు మాత్రం మిగిలాయి. బెల్లం వండే ఆయన చాలా మర్యాదస్తుడు. "రోజూ మీ పక్కనే నిలబడుకోని పాకం సూస్తా మేడమ్" అని మా ఇద్దరికీ వేడి బెల్లం ఆకులో పెట్టి ఇచ్చాడు.

మూడోది కార్వేటినగరం దగ్గర ఒక ఇంటి ముందు నేల మీద పరిచి ఉంది. దాని మీద చింతపండు ఆరబోశారు. నా మొహం ఉన్న చోట మాత్రం గుండ్రంగా ఖాళీ వదిలారు. ఇంటి ముసలావిడ చెప్పింది: "మనిషి మొగం గదమ్మా, దాని మింద కాలు పడగూడదని వొదిలినాం. నీ మొగం వొదలబట్టి రెండు కేజీలు తక్కువ ఆరినాది." నేను క్షమాపణ చెప్పాను.

శ్రీ సిటీలో ఫ్యాక్టరీకి పోయే మావాడి స్నేహితుడొకడు తన అద్దె గదిలో స్నానాల మూలకు తెరగా కట్టుకున్నాడట. ఫోటో తీసి పంపమంటే సిగ్గుపడిపోయాడు. నేనూ బలవంతం చేయలేదు.

ఇట్లా ఏడు దొరికాయి. ఇక సాక్షుల ప్రమాణ పత్రాలు. పక్క అంగడి దర్జీ సాయిబుగారు మంచి తెలుగులో, ఒక్క తప్పు లేకుండా, రెండు పేజీలు రాసి నోటరీ వేయించి ఇచ్చారు. నాకు ఎంత ముచ్చటేసిందంటే అక్షర దోషాలు వెతకబోయి సిగ్గుపడ్డాను. ఇడ్లీ ఆవిడ దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చింది. కాగితం మీద వేలిముద్ర వేయనంది.

"కాయితం మింద ఎవురైనా ఏమన్నా రాస్తారు. నేను కాణిపాకంలో పెమాణం సేస్తా. ఆ సామి ముందు అబద్దమాడితే ఊరుకోడు. ఆ వీసా దొరలకు అదే సెప్పండి."

"అక్కడ అది చెల్లదమ్మా" అన్నాను.

"కాణిపాకం యాడైనా సెల్లుతాది."

ఆమెను కాదనే ధైర్యం ఆ వీధిలో ఎవరికీ లేదు. ముగ్గురం బస్సెక్కి కాణిపాకం పోయాం. ఆమె కోనేట్లో మునిగి, తడి చీరతోనే వినాయకుడి ఎదురుగా నిలబడి, ఆలయమంతా వినబడేటట్టు అరిచింది: "ఈ మేడమ్ ఈ అబ్బికి అమ్మే! ఇందులో నేను అబద్దం సెప్తా ఉంటే, రేపట్నుంచి నా ఇడ్లీ పిండి పులవగూడదు!" చుట్టూ ఉన్న యాత్రికులు ఆగి మమ్మల్ని చూశారు. మావాడు స్తంభం పక్కకు జరిగాడు. ఆమె వాడి చొక్కా పట్టుకుని లాగి మళ్ళీ ముందు నిలబెట్టింది. ఆ రోజు తీసిన ఫోటోను వకీలుకు పంపి, దీన్ని సాక్ష్యంగా జతపరచవచ్చా అని అడిగాను. ఆయన జవాబు రాయడానికి రెండు రోజులు తీసుకున్నాడు. "పరవాలేదు, పెట్టండి" అన్నాడు.

ఇంటర్వ్యూకి ముందు రోజు చెన్నై చేరాం. వైద్య పరీక్షలు అప్పటికే అయ్యాయి. ఇంటర్వ్యూ రోజు పొద్దున టిఫిన్ దగ్గర వాణ్ణి కూర్చోబెట్టి వల్లె వేయించాను.

"ఈమె నీకేమవుతుంది అని అడుగుతారు. ఏం చెబుతావు?"

"మేడమ్."

"అట్లా కాదు."

"మా నాయన రెండో పెండ్లాం."

"ఇంకొంచెం మర్యాదగా."

వాడు పొంగలి చల్లారేదాకా ఆలోచించి, "సవతి తల్లి" అన్నాడు. అనగానే ఇద్దరం ఉలిక్కిపడ్డాం. పక్క బల్ల దగ్గరి ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"వొద్దు మేడమ్. ఆ మాటంటే మీరు నన్ను కొట్టి, సద్ది కూడు కూడా పెట్టకుండా ఏడిపించినట్టు ఉండాది."

అడిగినప్పుడు నోటికి ఏదొస్తే అది చెప్పమన్నాను.

మావాడు దస్త్రంతో పాటు ఈ ఏటి అసలు ఫ్లెక్సీని కూడా మడిచి చంకలో పెట్టుకున్నాడు. అమెరికా కాన్సులేటు వాకిట్లో కాపలా మనిషి దాన్ని చూసి, తోరణాలు కట్టే పనులు లోపల లేవు, బయటే వదలమన్నాడు. నన్నెటూ లోపలికి రానివ్వరు. వాడు లోపలికి వెళ్ళాడు. నేను ఫ్లెక్సీ పట్టుకుని ఎదురు పక్క నిలబడ్డాను. చెన్నై ఎండ మీకు తెలుసు. లోపలికి పోయినవాళ్ళ అమ్మలూ అత్తలూ తమ్ముళ్ళూ ఓ పదిహేను మంది నాతోపాటు మాడుతున్నారు. అరగంట చూసి, ఇంక లాభం లేదని ఫ్లెక్సీ విప్పాను. నలుగురం నాలుగు మూలలు పట్టుకున్నాం. మిగతావాళ్ళు కిందికి చేరారు. ఒక తమిళావిడ పైకి చూసి, నన్ను చూసి, మళ్ళీ పైకి చూసి, "నీంగళా?" అంది. అవును, నేనేనన్నాను. ఆ గడియారం ఎవరిదని అడిగింది.

రెండు గంటలకు మావాడు బయటికొచ్చాడు. మొహంలో ఏమీ కనబడలేదు. తెలుగు పరీక్ష రాసి వచ్చినప్పుడు కూడా వాడి మొహం అట్లాగే ఉండేది. ఫ్లెక్సీ కింద ఉన్నవాళ్ళందరూ చుట్టూ మూగారు.

"ఏమడిగారు?"

"గాజు అద్దం ఆ పక్క వొక దొరసాని. పక్కన తెలుగులో చెప్పే ఆమె ఇంకొకరు. ఫోటోలు సూసి, ఈమె ఎవురు అన్నారు. మేడమ్ అన్నా. మీ యజమానురాలా అన్నారు. కాదు, మా మేడమ్ అన్నా. మీ అమ్మా అన్నారు. మా అమ్మ సచ్చిపొయ్యింది, ఈమె మేడమ్ అన్నా."

ఫ్లెక్సీ మూల వదిలేశాను. "ఇంకేముంది, పోయింది!"

"ఉండండి మేడమ్. ఎనుము ఫోటో సూసి ఆ దొరసాని శానాసేపు నవ్వింది. ఈ ఫ్లెక్సీలు ఎందుకు కడతావు, ఆమె ఇక్కడ లేదు గదా, ఎవురు సూస్తారు అని అడిగింది. ఊళ్ళో వాళ్ళు సూస్తారు గదా అన్నా. ఆ తెలుగామె ఫోటోలో ఉండే ఫ్లెక్సీ సదివి, 'శుభాకాంక్షల్లో ఒత్తు లేదే' అనింది."

"చూశావా! ఎవరైనా అంటారు!"

"తర్వాత ఆ వాట్సాప్ కట్ట తీసినారు. ఈమె రోజూ నీకు ఒకే అక్షరం పంపిస్తా ఉండాది, ఏందది అన్నారు. నేను తప్పు రాసినా, అది దిద్ది పంపిస్తారు అన్నా. ఎనిమిదేండ్లు రోజూ దిద్దినా నేర్చుకోలేదా అని అడిగినారు."

"మరి నువ్వేం చెప్పావు?"

మావాడు ఫ్లెక్సీ మూలలు అందుకుని మడవడం మొదలుపెట్టాడు. "కరెక్టుగా రాస్తే మేడమ్ జవాబు ఇయ్యరు గదా అన్నా. మొదట్లో రెండు వారాలు కరెక్టుగానే రాసి పంపించినా. మీరు ఏమీ పంపించలేదు. ఒక పొద్దు పొరబాటున తప్పు పడింది, టక్కుమని జవాబు వొచ్చినాది. ఇంక అట్లనే పెట్టేసినా."

తమిళావిడకు తెలుగు వచ్చునట. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను టీచర్ని కాబట్టి పదిమందిలో ఏడవను. "ఆకలిగా ఉందా?" అని అడిగాను.

"ఉండాది మేడమ్. పాస్‌పోర్టు వాళ్ళే పెట్టుకున్నారు. అంటే ఇచ్చేసినట్టే అంట."

వీసా అంటించిన పాస్‌పోర్టు పది రోజులకు వచ్చింది. ఇంక టిక్కెట్లు తీద్దామంటే మావాడు కదలలేదు. ఆరు నెలల గడువుంది కదా, గంగమ్మ జాతర అయ్యాక పోదామన్నాడు. తిరుపతిలో జాతరంటే ఫ్లెక్సీ అంగళ్ళకు ఊపిరాడదు. సందు సందుకూ, స్తంభం స్తంభానికీ ఏదో ఒక బొమ్మ కావాలి. వాడొక్కడే మిషను దగ్గర చెమటలు కక్కుతుంటే చూడలేక, అచ్చు వేసే ముందు అక్షరాలు నేను చూస్తానన్నాను. మూడు రోజులు కూర్చుంటే నాకు దొరికినవి నాలుగే తప్పులు. ఆ నాలుగూ జనం పట్టుబట్టి రాయించుకున్నవి. ఒక సంఘం అధ్యక్షుడి పేరు ముందున్న 'దీరుడు'కు ఒత్తు పెట్టించాను. ఆయన సాయంకాలం పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"మేడమ్, 'ద' కింద ఆ గీత ఏంది? నన్ను పొడిసినట్టుండాది. తీసేయండి."

"అప్పుడది తప్పవుతుందయ్యా."

"తప్పు అయితే కానీ మేడమ్, గీత వొద్దు."

తీసేశాను. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఒక ఒత్తును నా చేత్తో తీసేయడం అదే మొదటిసారి.

జాతరలో మగవాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి ఆడవేషం కడతారు. మావాడు ప్రతి ఏడూ కడతాడట, ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు పొద్దున నా గది ముందు నిలబడి నీళ్ళు నమిలాడు.

"మేడమ్, వొక చీర ఇయ్యండి. పోయిన ఏడు ఇడ్లీ అవ్వ చీర కట్టినా, పొట్టిదైపొయ్యినాది."

నా ఆకుపచ్చ చీర తీసిచ్చాను. పావుగంట సేపు గదిలోంచి ఏదో పెనుగులాట వినిపించింది. తలుపు తీస్తే చీర మొత్తం చుట్టుకుని చంటిపిల్లవాడిలా నిలబడ్డాడు. మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు నేనే పెట్టాను. ఆ బొజ్జ మీద కుచ్చిళ్ళు నిలబడితే ఒట్టు. నాలుగు పిన్నీసులు గుచ్చాను. ఒకటి వాడికే గుచ్చుకుంది. సవరం పెట్టి, కాటుక దిద్ది, మీసాల మీద పౌడరు అద్దాను. గుడికి పోయే దారిలో జనం తోసుకుంటున్నారు. చీర కాళ్ళకు అడ్డం పడుతుంటే వాడు నా భుజం పట్టుకుని నడిచాడు. ఎదురొచ్చిన ముసలాయన ఒకాయన మా ఇద్దరినీ చూసి, "అక్కచెల్లెండ్లా అమ్మా?" అని అడిగాడు. "అవును నాయనా" అని గొంతు సన్నం చేసి వీడే జవాబు చెప్పాడు.

జాతర అయిన పదో రోజు బయలుదేరాం. మావాడు తన అంగడిని దర్జీ సాయిబుగారి కోడలికి అప్పజెప్పాడు. ఆ అమ్మాయికి మిషను పనంతా వచ్చు.

అమెరికా వచ్చి నాలుగు నెలలైంది. మావాడికి ఒక బోర్డులు చేసే చోట పని దొరికింది. మొదటి వారం బస్సులో పోతూ కిటికీలోంచి చూసి చూసి, "ఇన్ని స్తంభాలుండాయి మేడమ్, వొక్కదానికీ ఏమీ కట్టలేదే!" అని దిగులుపడ్డాడు. సంగటి కెలకడానికి మంచి కట్టె దొరకలేదని రోజూ గొణుగుతాడు. పని నుంచి వచ్చేటప్పుడు దారిలోంచే ఫోన్ చేస్తాడు. నేను తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుతూ ఉంటాడు. వాటి తాళ్ళు కట్టుకోవడం వాడికింకా చేతకాలేదు, ముడులు పడతాయి. పక్క మెట్టు మీద కూర్చుని నేనే విప్పుతాను.